తలుపు మీద బతికున్న మనిషి

చెత్త పారేసి వస్తానని కిందికి దిగిన జోర్నిత్సా చెత్త సంచీతోనే తిరిగొచ్చింది.

వంటింట్లో అత్తగారు తోత్కా పెనం మీద ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది. కోడలి ముఖం చూసి పొయ్యి ఆర్పింది.

"ఏమైందే?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే సంచీ ఎందుకు వెనక్కి తెచ్చావు?"

జోర్నిత్సా తన చేతిలోని సంచీని అప్పుడే చూసినట్టు చూసుకుంది. దాన్ని మూల పెట్టి కుర్చీలో కూలబడింది. మూడంతస్తులు ఎలా ఎక్కివచ్చిందో ఆమెకే తెలియదు.

"కింద గుమ్మం తలుపుకి చావు కాగితం అంటించారు," అంది.

"ఎవరిదీ? మొదటంతస్తు ముసలాయనదా? పాపం, నిన్న కూడా కిటికీలోంచి దగ్గుతూనే ఉన్నాడు."

"మీ అబ్బాయిది."

తోత్కా చేతిలోని మిరపకాయ పెనం మీదికి జారిపోయింది.

రూసే ఊళ్లో మనిషి పోతే ఇంటింటికీ వెళ్లి చెప్పరు. నల్ల అంచు కాగితం మీద ఫొటో, పేరు, అంత్యక్రియల వేళ అచ్చువేయించి ఇంటి తలుపుకీ, బస్టాపుకీ, దారిలో చెట్లకీ అంటిస్తారు. అంటించినదాన్ని ఎవరూ చింపరు. వానకి తడిసి ఎండకి మాడి దానంతటదే రాలిపోవాలి. చింపిన చేతికి ఆ ఇంటి చావు అంటుకుంటుందని ఊళ్లో అందరూ ఉగ్గుపాలతోనే విన్నారు. నమ్మనివాళ్లు కూడా చింపరు.

"ఏం రాశారు?" అడిగింది తోత్కా.

"'ఓగ్న్యాన్ మీలెవ్, క్రీడా విలేఖరి. నోటి దురుసు వల్ల అకాల మరణం. కడచూపు శనివారం మధ్యాహ్నం, ఈ గుమ్మం ముందే.' పత్రికలో వేసుకునే ఫొటోయే పెట్టారు."

"శనివారమంటే ఇవాళేగా?"

"ఇవాళే," అంది జోర్నిత్సా.

"చింపేసి వచ్చావా?"

"చెయ్యి పైకెత్తాను. రాలేదు."

"మంచిపని చేశావు. చింపకు."

"ఆయన బతికే ఉన్నాడత్తయ్యా."

"అందుకే వద్దంటున్నా. పోయినవాడి కాగితం చింపితేనే అరిష్టం. బతికున్నవాడిది చింపితే ఏమవుతుందో నాకేం తెలుసు? నీకేమైనా తెలుసా?"

జోర్నిత్సాకీ తెలియదు. అలాంటి కాగితం ఇదివరకు ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

చూసి ఉండరనడానికీ లేదు. ఆ దారి చూపించింది ఆమె మొగుడే.

పోయిన ఆదివారం ఊరి ఫుట్‌బాల్ జట్టు బ్రెగ్ సొంత మైదానంలో ఓడిపోయింది. ఆఖరి నిమిషంలో, బడిపిల్లలైనా ఆపగలిగే బంతి గోల్ కీపర్ స్వెత్లిన్ గూనెవ్ కాళ్ల సందులోంచి దొర్లుకుంటూ పోయింది. ఏళ్ల తరబడి ఆ జట్టు గురించే రాస్తున్న ఓగ్న్యాన్‌కి కడుపు మండింది. ఆ మంటలోనే ఫోను తీసి, కీపర్ ఫొటోకి నల్ల అంచు కట్టి, లోకమంతా చూసేలా పెట్టాడు. 'మా కీపర్ గారి రెండు చేతులూ ఈ సాయంత్రం పరమపదించాయని తెలియజేయడానికి చింతిస్తున్నాం. కడచూపు గోలు స్తంభాల మధ్య.'

ఊరు పడీపడీ నవ్వింది. ఓటమి మింగుడుపడని అభిమానులు ఒకరికొకరు పంపుకుని మరీ నవ్వారు. రాత్రి భోజనాల వేళకి ఎవరో ఆ ఫొటో కింద అసలైన చావు కాగితం తెచ్చి పెట్టారు. స్వెత్లిన్ తండ్రి కోల్యో గూనెవ్, ఎన్నో ఏళ్లు జట్టు బస్సు నడిపిన మనిషి, శుక్రవారమే పోయాడు. శనివారం తండ్రిని మట్టిలో పెట్టి ఆదివారం కొడుకు ఆటకి దిగాడు.

ఇక చూసుకోండి. నవ్విన నోళ్లే శాపాలు పెట్టాయి. అందరికంటే ముందు నవ్వినవాళ్లే అందరికంటే ముందు రాళ్లు ఏరుకున్నారు. ఓగ్న్యాన్ ఆ పోస్టు తీసేశాడు. తీసేస్తే మాత్రం ఏం లాభం? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అనలేదు. బుధవారం కారు అద్దం పగిలింది. గురువారం నుంచి కూతురు బిల్యానా బడి మానేసింది. ఇవాళ కాగితం.

గదిలోంచి ఓగ్న్యాన్ బయటికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. వారం రోజులుగా ఫోను అతని చేతికి అంటుకుపోయింది.

"విన్నాను," అన్నాడు. "కుర్రకారు చేష్టలు. నేను చింపేసి వస్తాను."

తలుపు దాకా వెళ్లాడు. గడియ మీద చెయ్యి వేశాడు. అలాగే నిలబడి, వెనక్కి తిరక్కుండా అడిగాడు.

"బయట ఎవరైనా ఉన్నారా?"

"ఎదుటి బెంచీ మీద జట్టు అభిమానులు ఇద్దరున్నారు. పచ్చ కండువాలు."

గడియ మీది చెయ్యి కిందికి దిగింది. మెల్లగా వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"పోలీసులకి చెప్పు," అంది తోత్కా.

"చెప్పానమ్మా. బుధవారమే చెప్పాను. వస్తామన్నారు."

"వచ్చే బుధవారమా, ఆపై బుధవారమా?"

అంతలో ఫోను మోగింది. పత్రిక సంపాదకుడు కమెన్. అందరూ వింటారని తెలిసే ఓగ్న్యాన్ ఫోను బల్ల మీద పెట్టి గొంతు పెంచాడు. ఒంటరిగా వినే ధైర్యం అతనిలో మిగల్లేదు.

"ఒగీ, నువ్వు రాసి పంపిన క్షమాపణ చదివాను," అన్నాడు కమెన్. "బాగుంది. కానీ అందులో అసలు మాటే లేదు."

"ఏ మాట?"

"'నాకు తెలియదు' అన్న మాట. ఆ తండ్రి పోయాడని నీకు తెలియదు. అంతేగా? తెలియక చేస్తే పొరపాటు. తెలిసి చేస్తే పాపం. పొరపాటయితే పత్రిక నీ వెనక నిలబడుతుంది. పాపమయితే నా వల్ల కాదు. చదవకు, వీడియోలో చెప్పు. మధ్యాహ్నం లోపల పెట్టు."

"నా ఇంటి తలుపు మీద చావు కాగితం అంటించారు, కమెన్."



"అయితే ఇంకా త్వరగా పెట్టు," అని ఫోను పెట్టేశాడు.

ఓగ్న్యాన్ గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కిటికీ ఎదుట కుర్చీ వేసుకుని తనలో తాను చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

"గూనెవ్ గారి కుటుంబాన్ని చేతులు జోడించి వేడుకుంటున్నాను. ఆ విషాదం సంగతి నాకు తెలియదు. తెలిసుంటే..."

"తెలుసు కదా నాన్నా."

గుమ్మంలో బిల్యానా నిలబడి ఉంది. దుప్పటి భుజాల చుట్టూ కప్పుకుని, నిద్రలేని కళ్లతో.

"నువ్వు గదిలోకి వెళ్లు."

"శుక్రవారం రాత్రి చిక్కుడు చారు తింటున్నాం. అమ్మ చెప్పింది. నువ్వు 'అయ్యో, ఆయన బస్సులో ఎన్ని ఊళ్లు తిరిగానో' అన్నావు. తర్వాత ఇంకాస్త రొట్టె అడిగావు. నేనే కోసిచ్చాను."

పెనం మీది చల్లారిన మిరపకాయను తోత్కా ఊరికే తిరగేసింది.

వారం రోజులుగా ఆ ఇంట్లో అందరికీ తెలిసి, ఎవరూ అనని మాట అదే. జోర్నిత్సా ఆ మాటను ఉదయం లేచి మింగేది, రాత్రి పడుకుని మింగేది. కూతురు దాన్ని బల్ల మీద పెట్టేసింది.

"ఆదివారం ఆ క్షణాన గుర్తు రాలేదు," అన్నాడు ఓగ్న్యాన్. "ఒట్టు. బంతి కాళ్ల సందులోంచి పోవడం ఒక్కటే కనిపించింది. జోరీ, నన్ను నమ్ముతావా?"

"నమ్ముతాను," అంది జోర్నిత్సా. "అదే చెప్పు. 'తెలుసు, గుర్తు రాలేదు' అను."

"ఎలా చెప్పను? 'ఒక మనిషి చచ్చిపోయాడని విన్నాను, అయ్యో అన్నాను, రొట్టె తిన్నాను, మర్చిపోయాను' అనా? కావాలని రాశానని చెప్పుకోవడం అంతకంటే నయం."

"నిజమైతే నిజమే కదా."

"నిజం చెబితే నువ్వు వచ్చి కాపలా కాస్తావా కింద?" గొంతు పెరిగింది. పెరిగిన గొంతు అక్కడే విరిగింది. "నాకు భయమేస్తోంది, జోరీ. మొన్నటి నుంచి మెట్ల మీద అడుగు వినిపిస్తే చాలు, వంట్లో రక్తం గడ్డకడుతోంది. పిల్లని చూస్తే ఇంకా భయం. ఒక్క మాట. ఒక్క చిన్న మాటతో ఇది ఆగిపోతుంది."

"మొదలైందీ ఒక్క మాటతోనే," అంది బిల్యానా.

"నువ్వు నోరు మూసుకో," అంది తోత్కా మనవరాలితో. ఆ వెంటనే కొడుకు వైపు తిరిగింది. "నువ్వు చెప్పరా నాయనా. తెలియదనే చెప్పు. దేవుడితో నేను మాట్లాడుకుంటాను."

ఓగ్న్యాన్ ఫోనున్న చెయ్యి చాచాడు. జోర్నిత్సా వైపే చాచాడు.

తీసుకోకుండా ఉండొచ్చు. ఆమె తీసుకుంది. కిందున్న పచ్చ కండువాలు గుర్తొచ్చాయి. కారు అద్దం పగిలి కూతురి పుస్తకాల సంచీ మీద పడ్డ గాజుపెంకులు గుర్తొచ్చాయి. ఫోను ఎత్తి పట్టుకుంది.

అతను బాగానే చెప్పాడు. 'నాకు తెలియదు' అన్నచోట ఆమె చెయ్యి కదిలిపోయింది.

"బొమ్మ వణికింది," అన్నాడు చూసుకుని. "మళ్లీ తియ్యి."

మళ్లీ తీసింది. ఈసారి మోచెయ్యి బల్లకి ఆనించి తీసింది.

వీడియో పెట్టిన కాసేపటికే బెల్లు మోగింది. జోర్నిత్సా తలుపు తీసింది. వచ్చింది ఫిలిప్, ఆ భవనం బాగోగులు చూసే పెద్దమనిషి. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"కింద జనం పెరుగుతున్నారమ్మా," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. "కాగితం నేనే తీసేద్దామనుకున్నాను. మా ఆవిడ వద్దంటే వద్దంది. ఆవిడకి గుండెజబ్బు, మీకు తెలియనిదేముంది, మందులు మీ మందుల షాపులోనే కొంటాంగా."

"మీరు తీయనక్కర్లేదు, ఫిలిప్ గారూ."

"అది కాదు. వెనక బొగ్గుల గది తలుపు తాళం తెచ్చాను. అటునుంచి వెళ్లిపోవచ్చు. పిల్లని తీసుకుని ఎటైనా నాలుగు రోజులు..." తాళంచెవి జోర్నిత్సా చేతిలో పెట్టాడు. "మిమ్మల్ని పొమ్మంటున్నానని కాదు."

పొమ్మంటున్నాడని ఇద్దరికీ తెలుసు. అతను మెట్లు దిగిపోయాడు.

"పదండి, వెళ్లిపోదాం," అన్నాడు ఓగ్న్యాన్, కోటు అందుకుంటూ.

జోర్నిత్సా కిటికీ తెర సందు చేసి చూసింది. బెంచీ దగ్గర ఇద్దరు కాదు, పేవ్‌మెంటు పొడుగునా మనుషులు. ఎవరూ అరవడం లేదు. అరిచినా బాగుండేది. చేతులు జేబుల్లో పెట్టుకుని, ఎవరి శవమో దించేదాకా ఎదురుచూసేవాళ్లలా మౌనంగా నిలబడ్డారు. బొగ్గుల గది వైపు కూడా ఇద్దరు నించుని సిగరెట్లు కాలుస్తున్నారు.

"కోటు విప్పెయ్," అంది.

మళ్లీ బెల్లు మోగింది.

ఈసారి ఎవరూ కదల్లేదు. రెండోసారి మోగింది, మర్యాదగా, పొట్టిగా. జోర్నిత్సా వెళ్లి తలుపు కంతలోంచి చూసింది. నల్ల తలగుడ్డ కనిపించింది.

కోల్యో గూనెవ్ భార్య దోబ్రింకా.

తలుపు తీసింది. తీయకుండా ఉండడం ఎలాగో ఆమెకి తోచలేదు. దోబ్రింకా చేతుల్లో చిన్న పళ్లెం, పళ్లెంలో కాగితపు గిన్నెలు. ఉడికిన గోధుమలు, చక్కెర, పైన అక్రోటు పలుకులు. పోయినవాడి తొమ్మిదో రోజున పంచేవి.

"లోపలికి రా, పిన్నీ."

"ఇక్కడే బాగుందమ్మా." మెట్లెక్కిన ఆయాసంతో ఆగింది. "చనిపోయినవాళ్ల గోధుమలు ఎవరి గుమ్మానికైనా పట్టుకెళ్లవచ్చు. ఎవరూ అడ్డుపడరు. అందుకే ఇవి పట్టుకుని వచ్చాను."

వెనకాల ఓగ్న్యాన్ లేచి నిలబడ్డాడు. దోబ్రింకా అతని వైపు చూడలేదు.

"వీడియో చూశాను. మా చెల్లెలు చూపించింది. తెలియదన్నాడు," అంది జోర్నిత్సాతో. "అప్పటినుంచీ ఒకటే ఆలోచన. మా ఆయన కాగితం మీ మందుల షాపు అద్దానికి అంటించాలని వస్తే, టేపు నువ్వే ఇచ్చావు. నా చేతులు ఆగకపోతే ఆ పైమూల నువ్వే పట్టుకున్నావు. నాతో పాటు ఏడ్చావు కూడా. ఆ రాత్రి ఇంటికి వెళ్లి, మొగుడికి చెప్పలేదా తల్లీ?"



"కింద మా అబ్బాయి ఉన్నాడు," దోబ్రింకా గొంతులో కోపం లేదు, అలసట మాత్రమే ఉంది. "వాడి వెనక వాళ్లంతా ఉన్నారు. నేను దిగేదాకా ఎవరూ మెట్టెక్కొద్దన్నాను. దిగగానే అడుగుతారు, తెలిసి చేశాడా, తెలియక చేశాడా అని. ఇవాళ నా మాట కాదనరు. నువ్వేం చెబితే అదే వాళ్లకి చెబుతాను."

"మా కోడలికి మతిమరుపు, దోబ్రింకా," అంది తోత్కా గబగబా. "షాపులో రోజూ ఎంతమందిని చూస్తుంది. చెప్పి ఉండదు. ఏమే, చెప్పలేదు కదూ?"

ఎంత తేలిక. మతిమరుపు తన మీద వేసుకుంటే చాలు. భార్య చెప్పలేదు, భర్తకి తెలియదు. ఇంటిల్లిపాదీ బతికి బయటపడతారు. జోర్నిత్సా మొగుడి వైపు చూసింది. అతను కళ్లతో వేడుకున్నాడు. ఆ చూపు చూస్తే ఆమెకి జాలేసింది, అసహ్యమూ వేసింది. రెండూ ఒక్కసారే వేశాయి.

దోబ్రింకా ఒక గిన్నె తీసి చెంచాతో సహా అందించింది.

"ముందు తిను. తర్వాత చెబుదువుగాని."

జోర్నిత్సా చెంచా నోట్లో పెట్టుకుంది. గోధుమలు మెత్తగా, తియ్యగా ఉన్నాయి. నమిలి మింగి, పోయినవాళ్ల కోసం అందరూ అనే మాటే అంది.

"దేవుడు ఆయన్ని క్షమించుగాక."

"క్షమించుగాక," అంది దోబ్రింకా.

"చెప్పాను పిన్నీ."

వెనక కుర్చీ కిర్రుమంది.

"ఆ రాత్రే చెప్పాను. అయ్యో అన్నాడు. ఆదివారం గుర్తు రాలేదంటున్నాడు. నేను నమ్ముతున్నాను, నువ్వు నమ్మక్కర్లేదు. ఆ వీడియో తీసింది కూడా నేనే. మొదటిసారి చెయ్యి వణికితే రెండోసారి బల్లకి ఆనించుకుని మరీ తీశాను."

దోబ్రింకా చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది.

"లేదని చెప్పుంటే, కిందికి దిగి అలాగే చెప్పేదాన్ని," అంది చివరికి. "ఆ తర్వాత ఈ జన్మలో నీ షాపు మెట్టెక్కేదాన్ని కాదు." పళ్లెం జోర్నిత్సా చేతిలో పెట్టి, మొదటిసారి ఓగ్న్యాన్ వైపు తిరిగింది. "రా, నాయనా."

"ఎక్కడికి?"

"కిందికి. నీ కాగితం నీ చేత్తోనే తియ్యి. నువ్వు తీస్తే దోషం లేదు, నీదేగా. తీసి, ఇప్పుడు మీ ఆవిడ చెప్పిందే నువ్వు చెప్పు. ఫోనుకి కాదు, మా వాడి ముఖం చూసి చెప్పు."

"చంపేస్తారు నన్ను."

"నా చెయ్యి పట్టుకో. నా చెయ్యి పట్టుకున్నవాణ్ణి కొట్టరనే అనుకుంటున్నా."

"అనుకుంటున్నారా?"

"అంతకుమించి నేనేం చెప్పగలను? మా వాడు తొమ్మిది రోజుల నుంచీ నాతోనే సరిగ్గా మాట్లాడడం లేదు."

ఓగ్న్యాన్ భార్య వైపు చూశాడు. ఆమె కోటు అందించలేదు, ఆపనూ లేదు. అతను ఇంట్లో వేసుకునే చెప్పులతోనే గడప దాటాడు. ముసలామె చెయ్యి చాచింది. ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్కొక్క మెట్టే దిగడం మొదలుపెట్టారు.

బిల్యానా దుప్పటి విదిలించుకుని తలుపు వైపు ఉరికింది. తోత్కా ఆమె నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. "వద్దే తల్లీ, వద్దే," అంటూ అదే మాట తిప్పితిప్పి అంటోంది.

జోర్నిత్సా కిటికీ తెరిచింది. చర్చి గంట మధ్యాహ్నం కొడుతోంది. కింది గుమ్మం మీది రేకు కప్పు అడ్డొచ్చి తలుపు దగ్గరున్నవాళ్లు కనిపించడం లేదు. ఇవతల జనం మాత్రం కనిపిస్తున్నారు. వాళ్ల ముందు స్వెత్లిన్, పొడుగ్గా, చేతి తొడుగులు లేని ఆ పెద్ద చేతులు పక్కలకి వేలాడేసుకుని. అతని వెనకాల ఫోన్లు పైకి లేచాయి. ఒకటి, పది, ఇక లెక్కలేదు.

రేకు కింద ఓగ్న్యాన్ ఏదో అంటున్నాడు. గంట మోతలో ఒక్క ముక్కా అందడం లేదు.

స్వెత్లిన్ విన్నాడు. కదలకుండా విన్నాడు. తర్వాత వెనక్కి తిరక్కుండానే ఒక చెయ్యి పైకెత్తాడు.

ఫోన్లన్నీ ఒక్కసారిగా కిందికి దిగాయి.

మనసు కరిగినా ఫోను దించుతారు. ఇకమీద జరిగేదానికి సాక్ష్యం వద్దనుకున్నా దించుతారు. స్వెత్లిన్ రేకు కిందికి అడుగువేసి, ఆమె కళ్లకి కనిపించకుండా పోయాడు.

గోధుమల పళ్లెం కిటికీలోనే వదిలేసి, జోర్నిత్సా కాళ్లకి చెప్పులైనా లేకుండా మెట్ల మీదికి పరిగెత్తింది. గంట ఆగిపోయింది. కింద అంతమంది ఉన్నారు, ఒక్క మనిషి గొంతైనా వినిపించడం లేదు.